తిరుపతి నుంచి అమ్మను శాన్‌ఫ్రాన్సిస్కో పంపాలి. చెన్నై నుంచి విమానంలో ఎంత దూరం, ఎన్ని గంటలు?

మ్యాపు మీద సూటిగా కొలిస్తే దాదాపు 13,900 కిలోమీటర్లు. దుబాయ్‌లో మారితే మాత్రం 16,000 దాకా అవుతుంది. దుబాయ్‌కి నాలుగు గంటల పైన, అక్కడి నుంచి ఇంకో పదహారు గంటలు. మధ్యలో కూర్చునేది వేరే.

అయినా దూరాన్ని బట్టి టైమ్ లెక్కేయకండి. 2016లో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మానిపించి పసిఫిక్ మీదుగా తిప్పింది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం పెరిగింది, ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది. అంత ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. తూర్పుగా పోయే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది.

నన్నడిగితే గంటలు లెక్కపెట్టాల్సింది ఇంటి గడప నుంచి. చెల్లెలి కాన్పుకు మా అమ్మను పంపినప్పుడు విమానం తెల్లవారుజామున. రాత్రి భోంచేసి బయల్దేరినాం. పుత్తూరు, నగరి దాటి ఊత్తుకోట దగ్గర లారీల వెనక ఇరుక్కున్నాం. పాస్‌పోర్టు సంచి ఒళ్లో పెట్టుకుని, "ఇంకా ఎంతసేపు నాయనా?" అని అమ్మ అడుగుతానే ఉంది. విమానం ఎక్కకముందే ఆమె మోకాళ్లు పట్టేసినాయి.

మన రేణిగుంట విమానాశ్రయంలో గరుడ టెర్మినల్ 2015లోనే ప్రారంభించినారు. ప్రపంచమంతా వచ్చే ఊరు మనది. మన అమ్మలు అమెరికా పోవాలంటే ఇప్పటికీ చెన్నైకో బెంగళూరుకో పరిగెత్తాల్సిందే. ఈ మాట ఎక్కడైనా గట్టిగానే చెప్తాను.

అసలు కష్టం విమానం మారే చోట. ధర తక్కువని ఏజెంటు రాత్రంతా ఆగే టికెట్ అంటగట్టినాడు. వీల్‌చెయిర్ తోసుకొచ్చినతను అమ్మను ఒక మూల దించి వెళ్లిపోయినాడు. లేస్తే అతను వచ్చి చూసి వెనక్కి పోతాడేమోనని మంచినీళ్లకు కూడా కదల్లేదంట. గోవింద నామాలు చెప్పుకుంటా కూర్చుంటే, కడప అమ్మాయి ఎవరో విని దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, మీది ఏ ఊరు?" అని పలకరించింది. నీళ్లు తాగించి, బాత్రూముకు తీసుకెళ్లి, గేటు దాకా తోడుండింది. ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

కాబట్టి మధ్యలో ఆగేది మూడు నాలుగు గంటలు మించకుండా చూడండి. మరీ తక్కువైతే వీల్‌చెయిర్ వచ్చేలోపు రెండో విమానం పోతుంది. బెంగళూరు నుంచి నేరుగా దొరికితే కళ్లు మూసుకుని తీసేయండి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఆ నేరు విమానం మొదలుపెట్టినప్పుడు సుమారు పదిహేడు గంటల ప్రయాణమన్నారు. చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా రోడ్డు ఎక్కువే, అయినా పెద్దవాళ్లకు అదే సుఖం. అమెరికాలో ఇంకో విమానం మారే టికెట్ మాత్రం వద్దు. మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అడుగుతారు, పెట్టెలన్నీ అక్కడే దించుకుని మళ్లీ వేయాలి. ఇంగ్లీషు రాని మనిషికి, పచ్చళ్ల పెట్టెలతో, అది చాలా కష్టం.