ఏ చేప తగ్గింది, ఏ చేప కొనొచ్చు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పులస అంతరించిపోతోందని అందరూ అంటున్నారు. రేటు చూస్తే నిజమే అనిపిస్తోంది. ఇక తినడం మానేయాలా? (దిల్‌సుఖ్‌నగర్)

రేటుని బట్టి ముప్పు లెక్కేయకండి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో పులస జాతి ‘ముప్పు తక్కువ’ వర్గంలోనే ఉంది. గోదావరిలో కొరత మాత్రం నిజమే. 1852 నుంచి ధవళేశ్వరం దగ్గర నదికి అడ్డుకట్ట ఉంది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చిన చేప అక్కడ ఆగిపోయి, గుడ్లతోనే వలలో పడుతోంది. హైదరాబాద్‌లో ఆ పేరుతో దొరికేదంతా గోదావరిదే అనుకోవడం కూడా అమాయకత్వమే.

పుస్తెలమ్మైనా తినాలన్న సామెత ఉన్న చేప కోసం దిగులుపడేవాళ్లు బోలెడుమంది. వాలుగ గురించి అడిగినవాళ్లే లేరు! అదే ఎర్ర జాబితాలో వాలుగ ముప్పు వర్గంలో ఉంది. పొలుసు లేని పొడుగాటి ఒళ్లు, కన్ను దాటి వెనక్కి చీలిన నోరు, రెండు పొడవాటి మీసాలు, వీపు మీద చిన్న రెక్క: ఇదీ దాని పోలిక. మీటరు దాకా పెరిగే చేప అది. అరకిలో లోపుది ఒక్కసారైనా గుడ్లు పెట్టి ఉండదు, కాబట్టి పిల్ల వాలుగలు కొనొద్దు.

ప్రశ్న: రాంనగర్ మార్కెట్లో ‘మార్పులు’ అని డ్రమ్ములో బతికున్నవి అమ్ముతున్నారు. క్యాట్‌ఫిష్ నిషేధం కదా, రెండూ ఒకటేనా? (మౌలాలి)

ఒకటి కాదు. కేంద్రం 2000లో నిషేధించింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని. మార్పు మన కుంటల్లో, వరి మడి కాలవల్లో పెరిగే నాటు చేప. ఎర్ర జాబితాలో ‘అంతరించే ప్రమాదం’ కింద ఉన్నది అదే. రెండింటికీ నాలుగు జతల మీసాలుంటాయి, పొలుసు ఉండదు, రెండూ గాలి పీల్చి నీళ్లు లేకున్నా గంటల తరబడి బతుకుతాయి. ఆఫ్రికాదాన్ని మార్పు అని అమ్మేవాళ్లకు కలిసొచ్చేది ఇక్కడే.

ముందు తూకం చూడండి. నాటు మార్పు మామూలుగా అరకిలో దాటదు. ఒక్కో చేప కిలో, కిలోన్నర తూగితే అది ఆఫ్రికాదే. దాని తల వెడల్పుగా, చదునుగా ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద నల్లటి మరకలు, పొట్ట తెల్లగా ఉంటుంది. నాటుది ముదురు గోధుమ రంగు. నెత్తి మీది జిగురు బొటనవేలితో తుడిచి చూస్తే, వెనక ఎముక అంచు నాటుదానికి కోసుగా కనిపిస్తుంది. అయితే ఆఫ్రికన్ పిల్లల దగ్గర తూకం పనికిరాదు. రెండింటి సంకరాన్ని కంటితో పోల్చడం తెలిసినవాళ్లకే కష్టం.

ఈ మోసం ఎందుకు నడుస్తోందంటే, నాటు మార్పు పిల్ల దొరకడం కష్టం. హేచరీలో బొచ్చె, రోహు మగచేప పొట్ట నొక్కితే వీర్యం వస్తుంది. మార్పుకి రాదు, మగదాన్ని కోసి వృషణాలు తీయాలి. ఆడదీ కొన్ని వేల గుడ్లే ఇస్తుంది, బొచ్చెలాగా లక్షలు కాదు. ఆఫ్రికాది కోడి వ్యర్థాలు తిని నెలల్లో కిలో దాటుతుంది. వానకి కట్ట తెగితే వాగులోకి, అక్కణ్నుంచి నదిలోకి పోయి నాటు పిల్లల్ని మింగేస్తుంది. కాబట్టి మీరు చేయాల్సింది: కిలో ‘మార్పు’ కొనకండి, ఎక్కడ పెంచుతున్నారో తెలిస్తే జిల్లా మత్స్యశాఖకి చెప్పండి.

ప్రశ్న: అక్వేరియంలో సక్కర్ ఫిష్ అడుగు పొడవైంది. చంపబుద్ధి కాక మూసీలో వదలాలనుకుంటున్నాం. (కూకట్‌పల్లి)

వద్దు. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ చేప మగది గట్టులో బొరియ తవ్వి గుడ్లు కాపలా కాస్తుంది, గట్లు కూలతాయి. ఒంటి మీది గట్టి పెంకులకు జాలర్ల వలలు చిరుగుతాయి. కొన్న షాపువాళ్లని వెనక్కి తీసుకోమని అడగండి. కాదంటే బాధ లేకుండా చంపడానికి లవంగ నూనె వాడాలి: లీటరు నీటికి 0.4 మిల్లీలీటర్లు. నూనె నేరుగా పోస్తే పైన తేలిపోతుంది, అందుకని సీసాలో కొంచెం గోరువెచ్చని నీళ్లతో బాగా గిలకొట్టి కలపండి. మొప్పలు ఆగాక కూడా అరగంట ఉంచండి, ఇది గాలి పీల్చే చేప, తొందరపడి తీస్తే తేరుకుంటుంది. తర్వాత పాతిపెట్టండి.

ప్రశ్న: మిర్గం (మృగశిర కార్తె) నాడు కొర్రమీను తింటే తప్పా? (అంబర్‌పేట)

తప్పేం లేదు. మన రాష్ట్ర చేప కొర్రమీనుకి ఎర్ర జాబితాలో ముప్పు తక్కువే. చిక్కల్లా తొలకరితో అది గుడ్లు పెట్టే కాలం మొదలవడమే. ఎర్రటి పిల్లలు నీటి పైన గుంపుగా తిరుగుతుంటే కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ గుంపుని చూసి గాలం వేస్తే తల్లి పడుతుంది, పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. ఆ రోజుకి చెరువులో పట్టినది కాక, ట్యాంకుల్లో పెంచినది అడిగి తీసుకోండి.