అతుక్కుపోయినట్టు పూసిన బంతిపూల గింజలు వేస్తే మళ్లీ అలాంటి పూలే వస్తాయా?

చాలావరకు రావు. నెల్లూరు, కావలి పెరళ్లలోని బంతి మొక్కలకు అప్పుడప్పుడు పట్టీలా వెడల్పైన కాడ మీద రెండు మూడు పూలు కలిసిపోయినట్టు పూసే ఈ వైకల్యం సాధారణంగా గింజల ద్వారా సంక్రమించదు. కొమ్మ కొసన చుక్కంత ఉండే ఎదుగుదల కణాల ముద్ద పురుగు కాటు వల్లనో, గాయం వల్లనో, బాక్టీరియా వల్లనో దెబ్బతిని పక్కలకు సాగిపోతే, దాని నుంచి పుట్టే కాడా పువ్వూ కూడా చదునుగా సాగుతాయి. జన్యువులు మారనప్పుడు గింజకు అందేదేమీ ఉండదు.

జన్యువే మారితే సంగతి వేరు. కోడిజుట్టు పువ్వు ఇందుకు చక్కని ఉదాహరణ: దాని ముడతల జుట్టు కూడా ఇలా సాగిన పూగుత్తే, కానీ ఆ లక్షణం జన్యుపరమైనది కనుక, పెంపకందారులు తరతరాలుగా మంచి జుట్టున్న మొక్కల గింజలనే ఏరి దాచడం వల్ల అది స్థిరపడింది. పక్కన ఈకల్లాంటి పూలు పూసే కోడిజుట్టు రకం ఉంటే మాత్రం పుప్పొడి కలిసి తర్వాతి తరంలో ఆ రూపం చెదరవచ్చు.

ఒక్క వింత పువ్వు కనిపించగానే కొత్త రకం పుట్టిందనుకోవడమే తరచు జరిగే పొరపాటు. ఆ గింజలను విడిగా నాటి, దాగి ఉన్న లక్షణాలు రెండో తరంలోనే బయటపడే అవకాశం ఉంది కనుక, కనీసం రెండు తరాలు గమనించాలి.