పోతున్న మనిషి మంచం పక్కన నర్సు ఏం మాట్లాడాలి?

మీరు అడిగింది ఇది: విశాఖలో ఒక క్యాన్సర్ వార్డులో నర్సుగా చేరి మూడు నెలలైంది, రోగి చివరి దశకు రాగానే ఇంటివాళ్ళ ముందు నిలబడలేకపోతున్నారు, ఏ మాట అన్నా తప్పుగానే తోస్తోంది, మొన్న డ్యూటీ గదిలో కూర్చొని ఏడ్చేశారు, ఈ ఉద్యోగానికి పనికివస్తానా అని.

ఏడుపు సంగతి ముందు తేల్చేద్దాం. మంచం దగ్గర కళ్ళు చెమర్చినా ఎవరూ తప్పుపట్టరు. వాళ్ళే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తే మాత్రం ఇబ్బంది. మీరు డ్యూటీ గదికి వెళ్ళి ఏడ్చారు కాబట్టి ఆ తేడా మీకు తెలుసు.

నేను విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) శిక్షణ పొంది, ఆ తర్వాత నగరంలోనే మూడు చోట్ల పనిచేశాను. పంతొమ్మిదేళ్ళైంది. ఇన్నేళ్ళలో నాకు తెలిసింది ఒకటే: ఆ సమయంలో మాటల కోసం వెతుక్కోకండి, పని వెతకండి. మీకు కాదు, వాళ్ళ చేతులకు.

ఇది నాకు నేర్పింది ఉద్దానం నుంచి వచ్చిన ఒక జీడితోట రైతు భార్య. ఆయనకు కిడ్నీలు పోయి నాలుగేళ్ళు. డయాలసిస్ చేయడానికి ఇక రక్తనాళం దొరకని స్థితి. ఇక చాలని ఇద్దరూ కలిసే అనుకున్నారు. ఆవిడ మంచం కాళ్ళ దగ్గర చీర కొంగు నలుపుతూ నిలబడి ఉండేది, కూర్చొమ్మంటే కూర్చొనేది కాదు. అప్పటికి నేను కొత్త. పెద్ద తెలివైనదానిలా వెళ్ళి, "దేవుడి మీద భారం వేయండమ్మా" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, "వేసే కదమ్మా ఇంతదూరం వచ్చాం" అంది. ఇక నా నోట మాట రాలేదు.

కాసేపటికి మా హెడ్ సిస్టర్ వచ్చి, చిన్న గిన్నెలో నీళ్ళు, గాజ్ గుడ్డ ఆవిడ చేతికిచ్చి, "పెదవులు ఆరిపోతున్నాయి, తడుపుతూ ఉండండి" అని చెప్పి వెళ్ళిపోయారు. అంతే. డయాలసిస్ రోగికి నీళ్ళు ఎంతో తగ్గించి ఇవ్వాలని మీకు తెలుసు. నాలుగేళ్ళుగా గ్లాసుతో కొలిచి, ఆయన ఇంకొంచెం అడిగితే పోట్లాడి, దాచిపెట్టిన చేయి అది. "ఇప్పుడు ఎన్నైనా ఇవ్వచ్చా సిస్టర్?" అని అడిగింది. ఆయన మింగగలిగినంత అన్నాను. అప్పుడు కూర్చొంది. తడుపుతూనే జీడిపిక్కల బాకీ ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో చెప్పడం మొదలుపెట్టింది. ఆయన కనుబొమ్మలు కదిలాయి. అవి ఆయనకు వినిపించాయా లేదా అని నన్ను అడగకండి. స్పృహ లేనట్టున్నా వినికిడి ఉందనుకొనే మేము మసలుకుంటాం, మీరూ అలాగే చేయండి.

గుడ్డను బాగా పిండి ఇవ్వాలి. నీరు గొంతులోకి కారితే పొలమారుతుంది. ఇది చెప్పకుండా గిన్నె చేతికి ఇవ్వకండి.

తులసి తీర్థం విషయంలోనూ ఇదే చిక్కు. మింగలేని మనిషి నోట్లో చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిజమే. అలాగని వద్దంటే? పేరు చెప్పను గానీ, ఒక ఆసుపత్రి ఐసీయూలో ఒక కొడుకును మేము అలాగే ఆపాం. సందర్శకుల వేళ దాటిందన్నది మరో కారణం. తండ్రి తెల్లవారుజామున పోయారు. తర్వాత మరణ ధ్రువీకరణ పత్రం కోసం వచ్చినప్పుడు ఆ అబ్బాయి నన్ను గుర్తుపట్టి, "ఒక్క చుక్క సిస్టర్" అన్నాడు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచి నేను తల పక్కకు కాస్త తిప్పించి, తీర్థంలో గుడ్డ తడిపి పెదవులకు అద్దిస్తాను. సింహాచలం కుంకుమైనా, జ్ఞానాపురం నుంచి వచ్చిన ఫాదర్ ప్రార్థనైనా, చెవి దగ్గర కలిమా చదవడమైనా, దేనికైనా చోటు చేయవచ్చు. "మీ ఇళ్ళలో ఈ సమయంలో ఏం చేస్తారు?" అని ముందే అడగండి. ఆఖరి గంటలో అడిగితే కంగారు తప్ప ఏమీ మిగలదు.

ముందే చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఎగశ్వాస అలాంటిది. ఊపిరి ఆగి ఆగి రావడం, గొంతులో గురగుర చూస్తే ఇంటివాళ్ళు ఊపిరాడక కొట్టుకుంటున్నారనుకొని హడలిపోతారు. స్పృహ తగ్గిన మనిషి గొంతులోని తడిని మింగలేరు, దగ్గలేరు, అందువల్ల ఆ చప్పుడు. అది విన్నవాళ్ళకు ఉన్నంత బాధ ఆయనకు ఉండకపోవచ్చని చెప్పండి. పక్కకు తిప్పి, తల కాస్త ఎత్తితే చాలాసార్లు తగ్గుతుంది. మాటిమాటికీ గొట్టం పెట్టి లాగితే బాధ పెట్టడమే అవుతుంది. అవసరమైతే ఆ తడిని తగ్గించే గ్లైకోపైరోలేట్ అనే మందు డాక్టరు రాస్తారు. పాదాలు చల్లబడి చర్మం మీద నీలి మచ్చలు రావడం కూడా ముందే చెబితే, వచ్చినప్పుడు "సిస్టర్ చెప్పింది ఇదే" అనుకుంటారు. చెప్పకపోతే "ఏదో చేసేశారు" అనుకుంటారు.

"కనీసం సెలైన్ అయినా పెట్టండి" అన్నది మీరు రోజూ వినే ఉంటారు. అన్నం మానేశారు కాబట్టి పోతున్నారని వాళ్ళ లెక్క. నిజానికి పోతున్నారు కాబట్టే ఆకలి ఆగిపోయింది. చివరి రోజుల్లో ఎక్కించిన నీరు చాలాసార్లు వాపుగానో కఫంగానో మిగులుతుంది. పెట్టాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. కానీ రాత్రి రెండు గంటలకు వివరించేది మనమే.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ గురించి కూడా అంతే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మార్ఫిన్ మాత్రలు దొరకడమే గగనం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అన్ని లైసెన్సులు కావాల్సి వచ్చేవి. 2014లో దానిని సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువైంది. ఇప్పుడు మందు ఉంటుంది, భయమే పోలేదు. "అలవాటు పడిపోతాడేమో" అని కొడుకులు మాత్రను జేబులో దాచిన సందర్భాలు చూశాను. మామూలు మాత్ర అయితే నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు ఇవ్వాలి. దానితో వచ్చే మలబద్ధకానికి మందు మొదటిరోజు నుంచే తోడుండాలి. అది రాయడం మరచిపోతే డాక్టరుకు గుర్తుచేయండి, మొహమాటపడకండి.

చావు ఎదురైన మనిషి దాటతాడని పుస్తకంలో మీరు చదివిన ఐదు దశలు ఉన్నాయి కదా, నమ్మకపోవడం, కోపం, బేరమాడడం, కుంగుబాటు, ఒప్పుకోవడం. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు చెప్పినవి, ప్రధానంగా మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినవి. ఆ వరుసలో ఎవరూ నడవరు. ఉదయం ఒప్పుకున్న మనిషి సాయంత్రం హైదరాబాదు తీసుకెళదామా అంటారు. ఫలానా దశలో ఉన్నారని కేస్ షీటులో రాసే బదులు ఏమన్నారో ఆ మాటే రాయండి.

"ఆయనకు చెప్పకండి" అని ఇంటివాళ్ళు బతిమాలినప్పుడు నేను వాదించను. అబద్ధమూ చెప్పను. ఒక రోగి "సంక్రాంతికి ఇంటికి వెళతానా సిస్టర్?" అన్నారు. సంక్రాంతికి ఇంట్లో ఏం పనుంది అని అడిగాను. చాలా ఉందన్నారు, పొలం కాగితాల గురించి చెప్పారు. అన్నీ తెలిసే అడిగారని అప్పుడు అర్థమైంది. డాక్టరుతో చెబితే పండుగ దాకా ఆపకుండా ఆ వారమే మందులతో ఇంటికి పంపారు.

పోయాక "బాడీ" అనే మాట వాళ్ళ ముందు వాడకండి. మీ నాన్నగారు అనండి, అప్పటికీ ఆయన నాన్నగారే. గొట్టాలు తీసి, కళ్ళు మూసి, బిగుసుకోకముందే కాళ్ళూ చేతులూ సరిచేయండి. తుడవడానికి ఇంటివాళ్ళు ముందుకొస్తే తువ్వాలు వాళ్ళకే ఇవ్వండి. పాడేరు నుంచో పలాస నుంచో వచ్చినవాళ్ళైతే బండి సంగతి మీరే కనుక్కొని చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోయినవాళ్ళను ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనం ఉచితమని తెలియక అప్పుచేసే వాళ్ళున్నారు.

ఇక మీ మనసు సంగతి. నా చేతుల్లో ఎవరైనా పోయిన రోజు మా అత్తగారు తలస్నానం చేయనిదే ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. మైల అనేవారు. మొదట్లో రోగిని అంటరానివాడిని చేసినట్టు నాకు మండిపోయేది. కొన్నాళ్ళకు పెరట్లో నీళ్ళు కాచి ఉండేవి. ఆవిడే తోడి పోస్తూ "ఎవరు?" అని అడిగేవారు. చెప్పేదాన్ని. "పిల్లలున్నారా?" అనేవారు. బకెట్టు ఖాళీ అయ్యేసరికి నాలోనూ కొంత ఖాళీ అయ్యేది. నిరుడు ఆవిడ ఇంట్లోనే పోయారు. మా ఆయన మంచం కాళ్ళ దగ్గర చేతులు కట్టుకొని నిలబడిపోయారు. గిన్నె, గాజ్ గుడ్డ తెచ్చి ఆయన చేతికిచ్చాను.