సీబీసీటీ రిపోర్టులో ఎముక సాంద్రత తక్కువ అని వస్తే ఇంప్లాంట్ మానుకోవాలా?

మీ అమ్మగారి పై దవడ సీబీసీటీ (దంతాలకు తీసే 3డీ స్కాన్) రిపోర్టులో ఎముక సాంద్రత 290 హెచ్‌యూ (హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు) అని వచ్చిందనీ, అంత గుల్ల ఎముకలో ఇంప్లాంట్ (పన్ను కోసం ఎముకలో బిగించే స్క్రూ) నిలవదని ఎవరో అన్నారనీ, నిర్ధారణకు ఆసుపత్రిలో పెద్ద సీటీ తీయించాలా అనీ అడిగారు. నేను వైద్యుణ్ని కాను. మూడేళ్ల క్రితం కింద ఎడమ వైపు ఒకటి, పైన కుడి వైపు ఒకటి ఇంప్లాంట్ పెట్టించుకునేటప్పుడు ఇలాంటి అంకె చూసే నేనూ బెంబేలెత్తాను కాబట్టి అప్పుడు తెలుసుకున్నది రాస్తున్నాను.

నా మొదటి స్కాన్‌లో పై దవడకు 310 అని వచ్చింది. మనసొప్పక ఆరు వారాల తర్వాత మరో సెంటర్‌లో తీయిస్తే అదే చోటికి 520 అన్నారు. ఆరు వారాల్లో నా ఎముక అంతలా గట్టిపడే అవకాశం లేదు. రెండు రిపోర్టులూ పట్టుకుని వెళితే మా డాక్టరుగారు వాటిని పక్కన పెట్టి, కంప్యూటర్‌లో స్కాన్ తెరిచి చూపించారు.

హౌన్స్‌ఫీల్డ్ కొలతలో నీటికి 0, గాలికి మైనస్ 1000. ఆసుపత్రుల్లోని సీటీ యంత్రాలను ఈ కొలతకు సరిచేసి ఉంచుతారు. దంతాలకు వాడే సీబీసీటీలో కిరణాలు శంకువు ఆకారంలో వెడల్పుగా పడి ఎక్కువగా చెదిరిపోవడం వల్లా, తలలో కొంత భాగాన్నే చిత్రించడం వల్లా, పక్క పళ్ల లోహపు క్యాపులు నీడలు వేయడం వల్లా అందులో కనిపించే బూడిదరంగు విలువ యంత్రాన్ని బట్టీ, సెట్టింగులను బట్టీ మారిపోతుంది. దానికి హెచ్‌యూ అని పేరు పెట్టినంత మాత్రాన అది హెచ్‌యూ అయిపోదు. 310 వచ్చిన చోటికి పక్కనే నాకు పాత లోహపు క్యాపు ఉంది మరి.

ఎముకను గట్టి డీ1 నుంచి మెత్తని డీ4 దాకా తరగతులు చేసి, 850 నుంచి 1250 వరకు డీ2, 350 నుంచి 850 వరకు డీ3, 150 నుంచి 350 వరకు డీ4 అని చెప్పే పట్టిక కూడా సీటీ హెచ్‌యూలను ఉద్దేశించినదే. ఆ విభజన చేసిన అమెరికా దంతవైద్యుడు కార్ల్ మిష్ అసలు డ్రిల్లు చేతికి తగిలే తీరును డీ1 నుంచి డీ4 దాకా వరసగా ఓక్ చెక్క, పైన్ చెక్క, బాల్సా చెక్క, థర్మోకోల్ లాంటి పదార్థంతో పోల్చి చెప్పారు. మా డాక్టరుగారైతే ఓక్ బదులు మద్దికర్రతో మొదలుపెట్టారు. పై దవడ వెనుక భాగం చాలామందిలో సహజంగానే మెత్తగా ఉంటుందనీ, డీ4 అంటే ఇంప్లాంట్ కుదరదని కాదు, పద్ధతి మార్చుకోవాలని అర్థమనీ ఆయన వివరించారు.

సీబీసీటీని నమ్మాల్సింది కొలతల విషయంలో. ఎముక ఎత్తు, వెడల్పు, పైన సైనస్ (పై దవడ మీది గాలి గది) ఎంత దూరంలో ఉంది, కింద నరం ఎక్కడ పోతోంది అన్నవి అది మిల్లీమీటరు లెక్కన చూపిస్తుంది. కింది దవడలో నరానికి పైన కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలని చూస్తారు. బయటి గట్టి పొర మందం, లోపలి జాలీ అల్లిక కూడా కంటికి కనిపిస్తాయి. నా అభిప్రాయంలో ఆ ఒక్క అంకె కన్నా అనుభవమున్న కన్ను ఆ అల్లికను చూసి చేసే అంచనాయే మేలు.

చివరి మాట డ్రిల్లుదే. కింద ఇంప్లాంట్ 40 న్యూటన్ సెంటీమీటర్ల టార్క్‌తో (బిగించేటప్పుడు తిప్పే బలం) బిగుసుకుంది, మూడు నెలలకు క్యాపు వేశారు. పైన రంధ్రాన్ని మామూలు కన్నా సన్నగా తొలిచినా టార్క్ 25 దాటలేదు. అందుకని వెంటనే పన్ను కట్టకుండా చిగురు మూసి కుట్టేసి, ఆరు నెలలు ఆగారు. ఆ ఆరు నెలలూ కుడి వైపు నమలకుండా ఉండటం విసుగే, కానీ ఇప్పుడు రెండు వైపులా తింటున్నాను.

కాబట్టి అంకె కోసమే మళ్లీ పెద్ద సీటీ తీయించమని నేను చెప్పను. దానిలో రేడియేషన్ సాధారణంగా ఎక్కువ. ఉన్న స్కాన్‌నే, కాగితం మీది ఫొటోలు కాకుండా, సెంటర్ నుంచి సీడీలో పూర్తిగా తీసుకుని, ఇంప్లాంట్లు తరచుగా పెట్టే మరో డాక్టరుకు చూపించండి. అమ్మగారు ఎముకల బలహీనతకు మాత్రలు గానీ ఇంజెక్షన్లు గానీ వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. వాటిలో కొన్నింటి వల్ల దవడ గాయం మానకుండా ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది, దాన్ని ఏ స్కాన్ అంకె కూడా ముందుగా చెప్పదు.