బండి ఆపిన వెంటనే ఇంజిన్ ఆయిల్ చూడొచ్చా?

వెంటనే వద్దు. బాగా నడిచిన ఇంజిన్‌లో ఆయిల్ సాధారణంగా 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, చర్మం మీద పడితే కాలుతుంది. పైగా కొంత ఆయిల్ ఇంకా పైభాగాల్లోనే ఉంటుంది కాబట్టి ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ అయిన డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తుంది. అది చూసి పైన పోశారా, ఎక్కువైపోతుంది. అప్పుడు ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ ఆయిల్‌తో బేరింగులకు సరైన రక్షణ ఉండదు.

చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పది నిమిషాలు ఆగండి. (కొన్ని కార్లకు పద్ధతి వేరు, మాన్యువల్ చెప్పిందే వినండి.) డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, పూర్తిగా దింపి మళ్లీ తీయండి. మట్టం రెండు గీతల మధ్య ఉంటే చాలు, పై గీత దాకా నింపే పట్టుదల అక్కర్లేదు. నల్లగా ఉందని కంగారొద్దు, డీజిల్ బండిలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. పాలు కలిసినట్టుంటే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలుస్తోందేమో మెకానిక్‌కి చూపించండి.

ఇంజిన్ ఆపేసినా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు. చున్నీ, వేళ్లు దూరంగా ఉంచండి. వేడి మీద రేడియేటర్ మూత అసలు ముట్టుకోకండి, ఆయిల్ కంటే ప్రమాదం అదే.