బోయింక్‌కి ఎన్ని కోర్లు ఇవ్వాలి?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అనే సైన్స్ ప్రాజెక్టు కోసం విండోస్‌లో బోయింక్ (మన కంప్యూటర్ ఖాళీ శక్తిని ఇలాంటి ప్రాజెక్టుల లెక్కలకి ఇచ్చే ప్రోగ్రామ్) నడుపుతున్నాను. అది నడిచినంతసేపూ బ్రౌజర్ ఆగి ఆగి కదులుతోంది, ఫ్యాన్ హోరెత్తుతోంది. టాస్క్ మేనేజర్‌లో ‘సెట్ అఫినిటీ’కి వెళ్లి 4 థ్రెడ్లకే కట్టేస్తున్నాను. రాత్రి పెట్టింది తెల్లారేసరికి ఉండటం లేదు. ఎందుకని? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అఫినిటీ అంటే ఒక ప్రోగ్రామ్ ఏయే థ్రెడ్ల మీద నడవొచ్చో చెప్పే కట్టడి. మీరు పెట్టింది అప్పుడు నడుస్తున్న ఆ ఒక్క ప్రాసెస్‌కే. ఒక టాస్క్ (ప్రాజెక్టు పంపే లెక్క ముక్క) అయిపోగానే బోయింక్ ఇంకో ప్రాసెస్ మొదలుపెడుతుంది, దానికి మళ్లీ 8 థ్రెడ్లూ తెరిచే ఉంటాయి. పోనీ నిలిచినా లాభం లేదు. 8 థ్రెడ్లున్నాయి కదా అని బోయింక్ 8 టాస్కులు వదులుతుంది. అన్నిటినీ నాలుగింటిలోకి తోస్తే ఒక్కో థ్రెడ్ మీద రెండేసి పడతాయి. వేగం సగం, మెమరీ ఖర్చు మాత్రం ఎనిమిదింటిదీ!

తగ్గించాల్సింది టాస్కుల సంఖ్య. అడ్వాన్స్‌డ్ వ్యూలో ఆప్షన్స్, అందులో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిచి సీపీయూల శాతాన్ని 50 చేయండి. నాలుగే నడుస్తాయి. ఈ లెక్కలో భిన్నం వస్తే కిందికే కుదిస్తుంది: 88 ఇస్తే 7 టాస్కులు, 87 ఇస్తే 6. అక్కడే ఉండే సీపీయూ టైమ్ శాతాన్ని మాత్రం 100 దగ్గరే వదిలేయండి. వేడి తగ్గాలని చాలామంది ముందు దాన్నే ముట్టుకుంటారు. దానివల్ల కోర్లు తగ్గవు. టాస్కుల్ని కాసేపు ఆపి కాసేపు నడుపుతుంది, ఫ్యాన్ కూడా అలాగే లేస్తూ పడుతూ ఉంటుంది.

ఇక బ్రౌజర్ సంగతి. బోయింక్ టాస్కులు అన్నిటికన్నా తక్కువ ప్రయారిటీతో నడుస్తాయి, వేరే ప్రోగ్రామ్ సీపీయూ అడిగితే తప్పుకుంటాయి. అందుకని అనుమానించాల్సింది మెమరీని, వేడిని. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండుగా కనిపిస్తే అందులో పట్టని సరుకు నెమ్మదైన డిస్కుకి పోతున్నట్టే. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. టాస్కులు తగ్గిస్తే రెండూ సర్దుకోవచ్చు.

అయినా అఫినిటీయే కావాలంటే బోయింక్ మేనేజర్‌నే స్టార్ట్ కమాండ్‌తో, అఫినిటీ 55 ఇచ్చి తెరవండి. దాని నుంచి పుట్టే టాస్కులన్నిటికీ అదే సంక్రమిస్తుంది. 55 హెక్స్ (పదహారు అంకెల పద్ధతి) సంఖ్య. బైనరీలో అది 01010101, కుడి నుంచి ఒక్కో స్థానం ఒక్కో థ్రెడ్‌ది, 1 ఉన్నవే వాడుకోవచ్చు: 0, 2, 4, 6 థ్రెడ్లు, అంటే మీ ప్రాసెసర్‌లో కోర్‌కి ఒకటి. పైన చెప్పిన 50 శాతం ఉంటేనే ఇది పనికొస్తుంది.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు మీద బోయింక్ టాస్క్ నడుస్తుంటే దాని వాడకం మాటిమాటికీ పడిపోతోంది. కార్డు లోపమా? – ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు సీపీయూ టాస్కుల్ని కాసేపు సస్పెండ్ చేసి చూడండి. వాడకం నిలకడగా పెరిగితే కార్డు బాగానే ఉంది. దానికి పని అందించే థ్రెడ్‌కి ఖాళీ దొరకడం లేదంతే. 8 థ్రెడ్ల సిస్టమ్‌లో పైన చెప్పిన సీపీయూల శాతాన్ని 88 పెడితే ఒక థ్రెడ్ దానికి మిగులుతుంది, సరిపోతుంది.