పేరు ఇప్పుడే మార్చేయండి

విశాఖ ఆర్కే బీచ్‌లో తొలి ప్రదర్శనకు పది రోజుల ముందు, మీ బ్యాండ్ పేరుతోనే హైదరాబాద్‌లో మరొకటి ఉందని తెలిసిందన్నారు. తమ్ముడూ, పాటలు విడుదల కాకముందే పేరు మార్చేయండి. ఆ తర్వాతైతే విన్నవాళ్లు మిమ్మల్ని వెతుక్కోలేరు. తమ ‘టీ సెట్’ పేరుతోనే ఇంకో బృందం ఎదురైనప్పుడు బ్రిటిష్ రాక్ గాయకుడు సిడ్ బారెట్ ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్లు, పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్, కలిపి తన బ్యాండ్‌ను పింక్ ఫ్లాయిడ్ అన్నాడు. పాత పేరు వదలబుద్ధి కాకపోతే అమెరికా బ్యాండ్ బ్లింక్ దారి ఉంది: అదే పేరున్న ఐర్లండ్ బ్యాండ్ అభ్యంతరంతో 1995లో చివర 182 తగిలించుకున్నారు. నాకు మాత్రం అంకె కంటే మన ఊరి మాటే ఇష్టం. మన విశాఖ తీరంలోని ‘యారాడ’ పేరు మైకులో ఒకసారి పలికి చూడండి, ఎంత నిండుగా ఉంటుందో! ఏది అనుకున్నా ముందు యూట్యూబ్‌లోనూ, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వినోద సేవలుండే 41వ తరగతిలోనూ వెతకండి. డ్రమ్ము మీద రంగుతో అక్షరాలు రాయడం ఆ తర్వాతే.